కీమో జరుగుతుంటే రీషి క్యాప్సూల్స్ ఇవ్వొచ్చా?

మీ నాన్నగారికి కీమో నడుస్తుంటే రీషి పుట్టగొడుగుల క్యాప్సూల్స్‌తో ఇమ్యూనిటీ పెరుగుతుందా అని అడిగారు. ముందు డాక్టరుకి చెప్పండి. చెప్పకుండా ఒక్కటి కూడా వెయ్యకండి.

మా పిన్ని కీమో కోసం బెంగళూరులో మారతహళ్లిలోని మా ఇంట్లోనే ఉండేది. చూడ్డానికి వచ్చిన బంధువు ఒకాయన రీషి డబ్బా తెచ్చి, డబ్బు కూడా అడిగి తీసుకున్నారు. ఆయన చేరిన గొలుసుకట్టు వ్యాపారం సరుకది. మంచంలో ఉన్న మనిషికి సరుకు అమ్మడానికి మనసెలా ఒప్పుతుందో!

డబ్బా ముందు పెద్దక్షరాల్లో ‘పాలిసాకరైడ్లు అధికం’. పాలిసాకరైడ్లంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసులు. వెనక చిన్నక్షరాల్లో ‘బియ్యం మీద పెంచిన మైసీలియం’. మైసీలియం అంటే బూజులా అల్లుకునే పోగులు. వాటిని బియ్యం నుంచి విడదీయడం కష్టం కాబట్టి రెండూ కలిపే పొడి కొడతారు. ఆయన ఎదురుగానే ఒక క్యాప్సూల్ విప్పి, పొడిని సాసర్లో పోసి, నీళ్లతో తడిపి బెటాడిన్ చుక్క వేశాను. పక్కనే నాలుగు అన్నం మెతుకుల మీద ఇంకో చుక్క. రెండూ నల్లటి నీలంలోకి తిరిగాయి. బెటాడిన్‌లోని అయోడిన్‌తో ఆ రంగు వచ్చిందంటే పిండిపదార్థం ఉన్నట్టే. పిన్ని చూసి, “అన్నం వండుకుంటే సరిపోయేది కదయ్యా” అంది.

పిండిపదార్థమూ పాలిసాకరైడే, అందుకే లేబుల్ అబద్ధం కాదు. కానీ మన రోగనిరోధక వ్యవస్థలోని మాక్రోఫేజ్ కణాల మీదున్న డెక్టిన్-1 అనే గ్రాహకం గుర్తుపట్టేది పుట్టగొడుగుల్లో ఉండే బీటా గ్లూకాన్ అనే పాలిసాకరైడ్‌ని. అన్నంలోది ఆల్ఫా గ్లూకాన్, అరిగి చక్కెరగా మారుతుంది, అంతే.

“జపాన్‌లో క్యాన్సర్‌కి వాడారు తెలుసా” అని ఆయన వాదన. నిజమే. కవరాటాకే పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే మందుకి అక్కడ 1977లో, షిటాకే నుంచి తీసిన లెంటినాన్‌కి 1985లో అనుమతిచ్చారు. లెంటినాన్ ఇంజెక్షన్, అదీ కీమోతో పాటు ఇచ్చేది. శుద్ధి చేసి, మోతాదు కొలిచి డాక్టర్లు ఇచ్చిన మందులవి. వాటి పేరు చెప్పి ఈ పొడి అమ్మడం అన్యాయం. రీషిని క్యాన్సర్‌కి మొదటి చికిత్సగా వాడేంత ఆధారం లేదని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2016 సమీక్ష కూడా తేల్చింది.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మార్పిడి అయినవాళ్లలో నిరోధకశక్తిని మందులతో అణిచిపెడతారు, దాన్ని మనం రెచ్చగొట్టకూడదు. రీషి పొడి వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి.

బీటా గ్లూకాన్ ఎంత, ఆల్ఫా గ్లూకాన్ ఎంత అని డబ్బా మీద విడివిడిగా వెయ్యాలి. కొలిచే పరీక్షలు ఉన్నాయి. ఆ రెండు అంకెలూ లేని డబ్బా ఎవరు తెచ్చినా, ఎంత దగ్గరివాళ్లయినా, వెనక్కి ఇచ్చెయ్యండి.