తాతమ్మ రేకు డబ్బా

ప్రశ్న: మాది రాజమండ్రి, పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చాను. మావారిది యూదు కుటుంబం. ఆయన నాయనమ్మ, అంటే మా పాపకు తాతమ్మ, కిందటేడు 94 ఏళ్లకు పోయారు. పాప ఆవిడను 'బబీ' అనేది. శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టేముందు ఇద్దరూ కలిసి వంటింట్లో ఉన్న రేకు డబ్బాలో చిల్లర వేసేవాళ్లు. ఇప్పుడు ఏడాది కావస్తోంది. ఆవిడ పోయిన తేదీకీ, బంధువులు చెబుతున్న తేదీకీ పొంతన లేదు. మావారికి ఆచారాలు పెద్దగా తెలియవు. హిందువునైన నేను దీపం పెట్టొచ్చా? ఆవిడ మంచితనం పాపకు ఎలా అందించాలి? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: తేదీ గురించి కంగారు వద్దు, ఇది మీకు కొత్తేమీ కాదు. మన తద్దినం తిథిని బట్టి వచ్చినట్టే, వాళ్ల 'యార్‌ట్సైట్' కూడా హీబ్రూ నెల, రోజు ప్రకారం వస్తుంది. అదీ చంద్రుణ్ని బట్టి నడిచే పంచాంగమే, మనకు అధికమాసం ఉన్నట్టు వాళ్లకూ 19 ఏళ్లలో 7 సార్లు అదనపు నెల కలుస్తుంది, అందుకే ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. వాళ్లకు రోజు మొదలయ్యేది సూర్యాస్తమయంతో కాబట్టి, ముందురోజు సాయంత్రమే దీపం వెలిగించాలి. దాదాపు 24 గంటలు వెలిగే కొవ్వొత్తి గాజు గ్లాసులో పోసి అమ్ముతారు, అక్కడి సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. దానికి తప్పనిసరిగా చదవాల్సిన మంత్రమేమీ లేదు. మీరు నిశ్చింతగా వెలిగించండి, మీ పక్కన మీవారు, పాప ఉంటే ఇంకా బాగుంటుంది కదా అని మీకే అనిపిస్తుంది.

చనిపోయినవారి కోసం చదివే 'కద్దీష్' మాత్రం మామూలుగా వయసొచ్చిన యూదులు పదిమంది కూడితేనే చదువుతారు, దానికి మీవారిని సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి వెళ్లమనండి. అరామిక్ భాషలో ఉండే ఆ ప్రార్థనలో చావు అన్న మాటే రాదు, అంతా దేవుడి స్తుతే. నాకు అది చాలా ఇష్టమైన సంగతి.

ఇక పాప విషయం. మీరు కొత్తగా ఏదో నేర్పాలని చూడకండి, బబీ ఆ పని ఎప్పుడో మొదలుపెట్టేశారు. ఆ డబ్బాను 'పుష్కే' అంటారు, అందులో వేసేది 'త్సెదకా'. మనం దానం అని అనేస్తాం గానీ ఆ మాటకు మూలం న్యాయం. అంటే ఇచ్చేవాడు గొప్పవాడనీ, పుచ్చుకునేవాడు లోకువనీ కాదు, అవతలివాడికి దక్కాల్సింది దక్కించడం. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పి, మనిషికి అప్పో పనో ఇచ్చి తన కాళ్లమీద తను నిలబడేలా చేయడాన్ని అన్నిటికంటే పైన పెట్టాడు. ఇదంతా పాపకు ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఆ డబ్బా ఇంకా ఉంటే అడిగి మీ ఇంటికి తెచ్చుకోండి, శుక్రవారాలు మళ్లీ మొదలుపెట్టండి. నిండాక ఎవరికివ్వాలో పాపనే చెప్పనివ్వండి.

సమాధి దగ్గరికి వెళితే పూలకంటే చిన్న గులకరాయి పెట్టడం వాళ్ల అలవాటు. ఈసారి మీ అమ్మగారు రాజమండ్రి నుంచి వస్తుంటే గోదావరి ఒడ్డున ఒకటి ఏరి తెమ్మనండి, పాప చేత పెట్టించండి.