ఓడ మీద ఫార్మల్ డిన్నర్‌కి 1,610 డాలర్ల బట్టలు అవసరమా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. జులైలో గాల్వెస్టన్ నుంచి కార్నివాల్ వాళ్ల 7 రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, గుంటూరు నుంచి వస్తున్న అత్తయ్య, మావయ్య, మొత్తం ఆరుగురం. టికెట్ల డబ్బు కట్టేశాం. రెండు రాత్రులు ఫార్మల్ డిన్నర్ ఉంటుందని తెలిసి లెక్క వేశాను. మావారికీ మావయ్యకీ అద్దె టక్సీడోలు 380, నాకు రెండు గౌన్లు 320, బాబుకి సూటు 120, పాపకి డ్రస్సు 80, అందరికీ బూట్లు 260, అత్తయ్యకి కొత్త పట్టుచీర 200, ఫొటో ప్యాకేజీ 250. కలిపితే 1,610 డాలర్లు. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 4,200 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. ప్రయాణానికి ఇంకా నాలుగు నెలలుంది. కార్డు మీదే కొనేయమంటారా?

జవాబు: వద్దు. ఆ పట్టికలో మీకు నిజంగా కావలసినవి 435 డాలర్లలో వచ్చేస్తాయి. అందరూ ఫొటోలో నిండుగానే కనిపిస్తారు.

ముందు ఓడవాళ్లు ఏం అడుగుతున్నారో చూడండి. కార్నివాల్ వాళ్లు ఈ రాత్రిని ఎలిగెంట్ నైట్ అంటారు. 2 నుంచి 5 రోజుల ప్రయాణంలో ఒకటి, 6 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే రెండు ఉంటాయి. మగవాళ్లకి ఫార్మల్ ప్యాంటు, కాలర్ ఉన్న చొక్కా ఉంటే చాలు. కోటు వేసుకుంటే బాగుంటుందని చెబుతారు గానీ పట్టుబట్టరు. సూటూ టక్సీడో మీ సరదా. ఆడవాళ్లకీ అంతే, పొడుగు గౌను తప్పనిసరి కాదు. నిక్కర్లు, టీ షర్టులు, ఈత దుస్తులు, రబ్బరు చెప్పులు, మగవాళ్లు చేతుల్లేని చొక్కాలు, టోపీలతో మాత్రం పెద్ద డైనింగ్ హాల్లోకి రానివ్వరు. ఈ నియమం కూడా ఆ హాలుకే. అదే సమయంలో పైన బఫే తెరిచే ఉంటుంది, అక్కడికి మామూలు బట్టల్లో వెళ్లొచ్చు. పిల్లలు అలిసిపోయిన రాత్రి అక్కడ తింటే ఎవరూ ఏమీ అనరు, అదనంగా ఒక్క డాలరు కూడా పడదు.

వేరే ఓడ ఎక్కేవాళ్లు తమ కంపెనీ నియమం విడిగా చూసుకోవాలి. నార్వీజియన్‌లో ఫార్మల్ రాత్రి అనే నిర్బంధమే లేదు. ప్రిన్సెస్‌లో 7 రాత్రులకి సాధారణంగా రెండు ఉంటాయి. క్యునార్డ్ ఓడల్లో గాలా రాత్రి అంటే మగవాళ్లకి టక్సీడో గానీ ముదురు రంగు సూటు గానీ ఉండాల్సిందే. ఇంత పట్టింపున్న క్యునార్డ్ కూడా ఏ దేశం వాళ్లైనా తమ సంప్రదాయ దుస్తుల్లో రావచ్చని ఒప్పుకుంటుంది. మీ లెక్క అంతా మారేది ఇక్కడే. మనకి చీర, పట్టు లంగా, బంద్‌గలా (మెడ దాకా గుండీలుండే కోటు) ఫార్మల్ దుస్తులే. మీ బీరువాలో ఉన్నదాన్ని వదిలేసి, లేనిదాన్ని అప్పు చేసి కొనబోతున్నారు.

ఇక ఒక్కొక్కరి సంగతి.

అద్దె టక్సీడో ముందుగా కొట్టేయాల్సిన ఖర్చు. అద్దె దుకాణాలు పెళ్లిళ్లని దృష్టిలో పెట్టుకుని నడుస్తాయి. వేడుకకి ఒకటి రెండు రోజుల ముందు ఇస్తారు, మర్నాడు తిరిగి తెమ్మంటారు. మీరు బయలుదేరే ముందు రోజు తీసుకుని ఎనిమిది తొమ్మిది రోజుల తర్వాత తిరిగి ఇస్తే, ఆలస్యానికి రోజువారీ రుసుము పడుతుంది. కూర మరక పడితే అది వేరే. అప్పటికి మీరు రాసుకున్న 380 ఎంతవుతుందో ముందే చెప్పలేం.

మీవారి దగ్గర ఇంటర్వ్యూలకి కొన్న పాత సూటు ఉంటే ఈ వారమే తొడిగి చూడండి. భుజం కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. అక్కడ సరిపోకపోతే ఏ దర్జీ దగ్గరా తక్కువలో బాగుపడదు, ఆ కోటు వదిలేయండి. నడుం దగ్గర బిగుతైతే భయం లేదు. ప్యాంటు వెనక మధ్య కుట్టులో సాధారణంగా అంగుళం నుంచి రెండు అంగుళాల గుడ్డ లోపలికి మడిచి ఉంటుంది, విప్పి కుట్టొచ్చు. కోటుకి కూడా పక్క కుట్లలో కొంచెం ఉంటుంది. విప్పమనే ముందు లోపలి గుడ్డ రంగూ బయటి గుడ్డ రంగూ ఒకటిగా ఉన్నాయేమో దర్జీని చూడమనండి. చాలా ఏళ్లు వాడిన సూటులో బయటి రంగు వెలిసిపోయి, విప్పిన చోట ముదురు గీత కనబడుతుంది. దర్జీ పనికి 55, తెల్ల చొక్కాకి 35, టైకి 20 వేసుకుందాం, మొత్తం 110. కోటు అసలు పనికిరాకపోతే కోటు లేకుండా చొక్కా, టై, ఫార్మల్ ప్యాంటుతో వెళ్లినా నియమం దాటినట్టు కాదు.

మీ మామగారికి గుంటూరులోనే తెలిసిన దర్జీ దగ్గర బంద్‌గలా గానీ, కుర్తా మీదికి నెహ్రూ కోటు గానీ కుట్టించండి. 4,000 రూపాయల్లో, అంటే 50 డాలర్ల లోపే అయిపోతుంది. పంచె రోజూ కట్టే అలవాటుంటే లాల్చీ పంచె మీద ఆ కోటు వేసుకుని హాయిగా రావచ్చు. అలవాటు లేని మనిషి ఫొటో కోసం పంచె కట్టుకుంటే మాత్రం డెక్ మీద గాలికీ మెట్ల దగ్గరా ఇబ్బంది పడతారు, అప్పుడు పైజామానే మేలు. కాళ్లకి వేళ్లు కనబడే చెప్పులు కాకుండా బూట్లో మోజరీలో ఉండాలి.

మీ అత్తగారికి కొత్త చీర వద్దు. పెళ్లిళ్లకి కట్టుకున్న పట్టుచీరల్లో బరువు తక్కువది ఎంచమనండి. జరీ దట్టంగా ఉన్న కంచిపట్టు కన్నా ఉప్పాడ లాంటి తేలికది ఇక్కడ సుఖం. క్యాబిన్‌లో బాత్రూమ్ చాలా చిన్నది, చీర కుచ్చిళ్లు పోసుకునే జాగా ఉండదు. గుంటూరు నుంచి బయలుదేరే ముందే కుచ్చిళ్లూ పమిటా మడతలు పెట్టించి, పిన్నులు పెట్టి, పెట్టె మడత వేయించుకుని వస్తే పది నిమిషాల్లో కట్టుకోవచ్చు. చీరని పాత కాటన్ గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమ లోపలే ఉండిపోయి జరీ నల్లబడుతుంది. డైనింగ్ హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, ఆవిడకి ఒక శాలువా మరవకండి.

నగల మాట కూడా ఇప్పుడే అనుకోవాలి. తాళీ, గాజులు, రోజూ పెట్టుకునేవి చాలు. హారాలు గుంటూరు లాకర్‌లో వదిలేసి వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు తెచ్చుకోమనండి. మీ ఇంటి ఇన్సూరెన్సు ఉంది కదా అని ధైర్యపడొద్దు. అమెరికాలో చాలా ఇంటి పాలసీల్లో నగల దొంగతనానికి 1,500 డాలర్ల దగ్గర గీత గీసి ఉంటుంది. ఆవిడ ఎలాగైనా తెచ్చుకుంటానంటే, ఇండియాలో విమానం ఎక్కే ముందే కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అది లేకపోతే తిరిగి వెళ్లేటప్పుడు ఆ నగలు తనవేనని నిరూపించుకోవాల్సి వస్తుంది.

మీకు గౌను మీద మనసుంటే ఆ సరదా చంపుకోవద్దు. రెండు కాదు, ఒకటి. ఒకసారి వాడినది 60 డాలర్లలో దొరుకుతుంది. ఒక రాత్రి గౌను, రెండో రాత్రి మీ చీర. చీరకి జాకెట్టు బిగుతైతే సరిచేయించడానికి 25 వేసుకోండి. బూట్లలో మీకు మాత్రమే కొత్త జత కొందాం, 45 డాలర్లు. మడమ వెడల్పుగా ఉన్నదే కొనండి. ఓడ కొద్దిగా ఊగినా సన్న హీల్స్ మీద కాలు మడత పడుతుంది. గౌను పొడవు కూడా ఈ చెప్పులతోనే చూసుకోవాలి, ఇంట్లో ఒట్టి కాళ్లతో కొలిచి అంచు కుట్టిస్తే ఓడ మీద పొట్టిగా తేలుతుంది.

పిల్లలకి సూటూ డ్రస్సూ కొంటే వచ్చే ఏడాదికి పట్టవు. బాబుకి కుర్తా పైజామా, పైన చిన్న కోటు 2,500 రూపాయలకి వస్తాయి, ఒక సైజు పెద్దదే తీసుకోమనండి. సుమారు 30 డాలర్లు. పాపకి పట్టు లంగా జాకెట్టు 3,500 రూపాయల్లో, అంటే 40 డాలర్లలో కుట్టించొచ్చు. లంగా అంచు పైన లోపలికి రెండు మూడు మడతలు పెట్టి కుట్టమనండి, ఏటా ఒకటి విప్పుతూ మూడేళ్లు వేయొచ్చు. జాకెట్టు పక్కల్లో కూడా గుడ్డ వదలమని చెప్పాలి. చెప్పకపోతే కత్తిరించి పారేస్తారు. కొలతలు ఫోన్లో చెప్పే కన్నా, సరిగ్గా పట్టే పాత జాకెట్టుని పరిచి టేపుతో సహా ఫొటో తీసి పంపండి. కాళ్లకి స్కూలు నల్ల బూట్లే సరిపోతాయి.

ఫొటోలు తీయించుకోవడానికి డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఓడ ఫొటోగ్రాఫర్లు పెట్టే తెరల ముందు ఎన్నిసార్లైనా నిలబడొచ్చు, నచ్చిన ప్రింటు కొంటేనే ధర. ఒక్కోటి 25 చొప్పున మూడు ప్రింట్లకి 75 పక్కన పెట్టండి. ప్యాకేజీని ముందే కొనకండి. అందరూ తయారయ్యాక మీ ఫోన్లో మెట్ల దగ్గర తీసుకున్న ఫొటోలే చాలామందికి బాగా వస్తాయి.

ఇప్పుడు కూడిక. మీవారికి 110, మామగారికి 50, మీకు గౌను 60, జాకెట్టు పని 25, చెప్పులు 45, బాబుకి 30, పాపకి 40, ఫొటోలకి 75. మొత్తం 435 డాలర్లు. నాలుగు నెలల్లో నెలకి 110 చొప్పున జీతంలోంచే తీయొచ్చు, కార్డు ముట్టుకోనక్కర్లేదు. అదే 1,610ని 24 శాతం వడ్డీ కార్డు మీద పెట్టి నెలకి 100 చొప్పున తీరిస్తే దాదాపు 20 నెలలు పడుతుంది, వడ్డీకే 350 డాలర్ల దాకా పోతాయి. మీకు పాత బాకీ 4,200 కూడా ఉంది కాబట్టి కొత్తగా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుందని గుర్తుంచుకోండి. నెలాఖరుకి పూర్తిగా కట్టేవాళ్లకి దొరికే వడ్డీ లేని గడువు బాకీ ఉన్నవాళ్లకి సాధారణంగా దొరకదు.

ఏదైనా కొనాలనిపించినప్పుడు దాని వెలని ఎన్నిసార్లు వేసుకుంటారో ఆ సంఖ్యతో భాగించండి. 160 గౌను రెండుసార్లకి మూలన పడితే ఒక్కో రాత్రికి 80. 110తో బాగుచేయించిన సూటు పదిసార్లు వేసుకుంటే ఒక్కోసారికి 11.

మీ పట్టికలో అసలు కనబడని ఖర్చు ఒకటుంది, నాకు ఎక్కువ బెంగ దాని గురించే. ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు రోజుకి మనిషికి సుమారు 17 డాలర్లు. రెండేళ్లు దాటిన పిల్లలకీ పడుతుంది. ఆరుగురికి 7 రోజులకి 714 డాలర్లు. టికెట్‌తో పాటు ముందే కట్టారో లేదో ఈ రోజే బుకింగ్ తెరిచి చూడండి. కట్టకపోతే క్యాబిన్ ఖాతాలో పడి చివరి రోజు ఒక్కసారిగా కనబడుతుంది. బట్టల మీద మిగిలే 1,175లో ఇది పోగా 461 ఉంటుంది. అందులో గాల్వెస్టన్ పోర్టు దగ్గర వారం రోజుల కారు పార్కింగ్‌కే వంద దాటుతుంది. మిగిలింది కోజుమెల్ లాంటి రేవుల్లో దిగినప్పుడు టాక్సీలకి. ఒక్క మాట, ఇక్కడ మిగులు అంటున్నది మీరు ఖర్చు చేద్దామనుకున్న డబ్బే, చేతిలో ఉన్నది కాదు. కాబట్టి టిప్పుని కూడా నాలుగు నెలలకి పంచితే నెలకి మరో 180 పక్కన పెట్టాలి. అది భారమైతే గౌనూ ఫొటోలూ తీసేయండి, టిప్పు తీసేయకండి.

క్యాబిన్ ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వొద్దు. ఓడవాళ్లు రోజూ కొంత మొత్తాన్ని బ్యాంకులో ఆపి ఉంచుతారు, అది విడుదలవడానికి ప్రయాణం అయ్యాక కూడా రోజులు పడుతుంది. ఆ లోపు ఇంటి అద్దె చెక్కు వెళ్తే ఖాతాలో డబ్బుండీ లేనట్టవుతుంది. క్రెడిట్ కార్డు ఇచ్చి, పక్కన పెట్టిన డబ్బుతో ఇంటికి రాగానే ఆ మొత్తం కట్టేయండి.

సర్దుకోవడంలో తరచూ జరిగే పొరపాట్లు చెప్తాను. మొదటి ఫార్మల్ డిన్నర్ సాధారణంగా రెండో రోజే, ఓడ ఏ రేవుకీ ఆగకుండా సముద్రంలో ఉన్నప్పుడు వస్తుంది. పోర్టులో అప్పగించిన పెట్టెలు మొదటి రోజు సాయంత్రం దాకా క్యాబిన్‌కి రాకపోవచ్చు. అందుకని మందులు, నగలు, పాస్‌పోర్టులతో పాటు మొదటి రాత్రి బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టె, ఆవిరి ఇస్త్రీ తీసుకెళ్తే అగ్ని ప్రమాదం పేరుతో తనిఖీలో తీసేసుకుంటారు. పెట్టెలు రాగానే బట్టలు విప్పి వేలాడదీయండి. ముడతలు పోకపోతే వేడినీళ్ల స్నానం అయ్యాక బాత్రూమ్‌లో పావుగంట ఉంచండి. పట్టుచీరని మాత్రం ఆవిరిలో పెట్టొద్దు. క్యాబిన్ గోడలు లోహంతో చేసినవి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు అతుక్కుంటాయి, రెండు క్యాబిన్లకి కలిపి ఎనిమిది కొంటే అందరి బట్టలకీ చోటు దొరుకుతుంది.

మీ అత్తగారు శాకాహారులైతే ఓడ ఎక్కిన మొదటి రాత్రే మీ టేబుల్ చూసే వెయిటర్‌కి చెప్పండి. ముందు రోజు చెబితే మర్నాటికి ఇండియన్ శాకాహార భోజనం అడిగి చేయించుకోవడం తేలిక.

ఇక చేయాల్సిన వరస. ఈ వారం సూటు తొడిగి చూడటం, టిప్పు కట్టారో లేదో చూడటం. నెలలోపు గుంటూరుకి కొలతలు పంపడం. బయలుదేరడానికి మూడు వారాల ముందు అందరూ పూర్తి ముస్తాబులో, బూట్లతో సహా, ఒకసారి ఇంట్లో వేసుకుని చూడటం. ఏదైనా పట్టకపోతే దర్జీకి అప్పటికింకా సమయం ఉంటుంది.