సర్కారు జాగలో స్టేడియం: లెక్క ఎవరిని, ఎట్లా అడగాలి?

ప్రశ్న: నేను కాజీపేటలో ఉంటాను, రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా వైపు సర్కారు జాగలో క్రికెట్ స్టేడియం వస్తదని అంటున్నరు. కట్టేది క్రికెట్ సంఘమట, పెద్ద లీగు మ్యాచులు కూడా పెడతరట. నేను ఇంటిపన్ను ఆలస్యం చేస్తే వడ్డీ వేస్తరు. ఐపీఎల్‌కు మాత్రం ఆదాయపు పన్నే లేదట, నిజమేనా? లెక్కలు అడిగే హక్కు నాకు ఉంటదా వకీల్ సాబ్?

జవాబు: హక్కు ఉంది. కాకపోతే మీ బలం పన్ను దగ్గర లేదు, జాగ దగ్గర ఉంది. అందుకే పన్ను సంగతి ముందే చెప్పేస్తాను.

ఐపీఎల్‌కు పన్నే లేదనడం సరికాదు. జట్లు కంపెనీలవి. హైదరాబాద్ జట్టు సన్ టీవీ నెట్‌వర్క్‌ది. మిగతా కంపెనీలకున్న పన్నే వాటికీ ఉంటుంది. పేచీ అంతా ఐపీఎల్ నడిపే భారత క్రికెట్ బోర్డు, అంటే బీసీసీఐ గురించే. బీసీసీఐ తమిళనాడు సొసైటీల చట్టం కింద నమోదైన సంఘం. ఆటను పెంచడం ధర్మకార్యమే కాబట్టి మినహాయింపు కావాలంటుంది. ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోదు. 2021లో ముంబైలోని అప్పీలు ట్రిబ్యునల్ బోర్డు వైపే చెప్పింది. కానీ 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు కొన్ని క్రికెట్ సంఘాల కేసుల్లో, వాటి రాబడి వ్యాపారమా కాదా మళ్లీ తేల్చమని అధికారులకు తిప్పి పంపింది. ఈ తగాదా నడుస్తుండగానే 2021-22లో బోర్డు రూ. 1,159 కోట్ల ఆదాయపు పన్ను కట్టిందని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఇక ప్రేక్షకుడికి ఏ మినహాయింపూ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 40 శాతం. అంటే వెయ్యి రూపాయల టికెట్ 1,400కు పడుతుంది. ఇది అన్యాయమని మీకనిపించవచ్చు, నాకూ అనిపిస్తుంది. అయినా ఇంకొకరి పన్ను మదింపు మీద మీరు హైకోర్టులో రిట్ (సర్కారు చర్యను ప్రశ్నించే పిటిషన్) వేస్తే, దానితో మీకేం సంబంధమని కోర్టు అడుగుతుంది.

జాగ విషయంలో ఆ మాట అనలేరు. సర్కారు భూమి ప్రజల ఆస్తి. దాన్ని ఒక సంఘానికి ఇవ్వాలంటే పద్ధతి ఉండాలి, నలుగురికీ తెలిసేలా ప్రకటన ఉండాలి. 2011లో కోల్‌కతాలో బడి కట్టడానికి సౌరవ్ గంగూలీకి ప్రకటన లేకుండా ఇచ్చిన స్థలాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2024 నవంబరులో మన హైదరాబాద్‌లోనే ఎంపీలు, ఎమ్మెల్యేలు, జడ్జీలు, జర్నలిస్టుల హౌసింగ్ సొసైటీలకు చేసిన భూకేటాయింపులను కొట్టేసింది. జడ్జీల సొసైటీ అని కూడా చూడలేదు. అట్లని స్టేడియానికి భూమి ఇవ్వొద్దని ఏ తీర్పూ చెప్పలేదు. ఏ ధరకు, ఏ షరతు మీద, ఏ పద్ధతిలో ఇచ్చారన్నదే ప్రశ్న.

చాలామంది సమాచార హక్కు దరఖాస్తును నేరుగా క్రికెట్ సంఘానికి పంపి, మాకు ఆ చట్టం వర్తించదన్న జవాబు చూసి ఊరుకుంటారు. బోర్డు ఈ చట్టం కిందికి వస్తుందని 2018లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మాడభూషి శ్రీధర్ ఉత్తర్వు ఇస్తే, బోర్డు హైకోర్టుకు పోయింది. మీకు ఆ గొడవ అక్కర్లేదు. ఫైలు కలెక్టరేట్‌లో ఉంటుంది, అక్కడే అడగండి. ముందు సర్వే నంబరు తెలుసుకోండి. పది రూపాయల ఫీజుతో ఇట్లా రాయండి: "ఫలానా సర్వే నంబరులో స్టేడియం కోసం వచ్చిన దరఖాస్తు, తహసీల్దారు నివేదిక, నిర్ణయించిన మార్కెట్ విలువ, లీజు ముసాయిదా, జీవోల నకళ్లు ఇవ్వగలరు." ఎందుకిచ్చారు, న్యాయమేనా అని అడగకండి. చట్టం కాగితాలే ఇప్పిస్తుంది, సంజాయిషీ ఇప్పించదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ ఆఫీసులోనే మొదటి అప్పీలు, తర్వాత రాష్ట్ర కమిషన్.

భూమి ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇచ్చారని తేలితే సంఘాన్ని కూడా అడగొచ్చు. ప్రభుత్వం గణనీయంగా నిధులిచ్చే సంస్థ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. నగరంలో భూమిని ఉచితంగా, భారీ రాయితీతో ఇవ్వడం కూడా ప్రభుత్వం గణనీయంగా నిధులు ఇచ్చినట్టే కావొచ్చని 2019లో డీఏవీ కళాశాల కేసులో సుప్రీంకోర్టు అన్నది. రాయితీ ఎంతో రుజువు చేయాల్సింది మాత్రం మీరే. అందుకే మార్కెట్ విలువ కాగితం ముఖ్యం.

లీజు చేతికి వచ్చాక కిరాయి అంకె ఒక్కటే చూసి ఆగొద్దు. ఏడాదిలో ఎన్ని రోజులు జిల్లా పిల్లలకు గ్రౌండు ఇవ్వాలి? కరెంటు బిల్లు, ఆస్తిపన్ను ఎవరు కడతారు? మ్యాచుకు పెట్టే పోలీసుల ఖర్చు ఎవరిది? షాపులు, పెళ్లిళ్లకు కిరాయిలిస్తే ఆ డబ్బులో సర్కారుకు వాటా ఉందా? గడువులోగా కట్టకపోతే భూమి వాపస్ వస్తుందా? ఒక్కో వాక్యం వెతకండి. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన సింథటిక్ ట్రాక్ ఉంది. అది సర్కారు స్టేడియం కాబట్టి అందులో మన పిల్లలకు చోటేదని అధికారులను నిలదీయగలం. సంఘం చేతిలోని గ్రౌండులో లీజులో రాసినంత వరకే మన మాట చెల్లుతుంది.

లోపం కనిపిస్తే ముందు కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తర్వాతే హైకోర్టులో రిట్. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం బీసీసీఐ రాజ్యాంగం దృష్టిలో ప్రభుత్వం కాదు. కానీ మీ రిట్‌లో మొదటి ప్రతివాది రాష్ట్ర ప్రభుత్వమే, కాబట్టి అది అడ్డం కాదు. ఆలస్యం చేస్తేనే కష్టం. పునాదులు లేచి డబ్బు ఖర్చయ్యాక వస్తే ఇన్నాళ్లూ ఏం చేశారని కోర్టు అడుగుతుంది. జీవో నకలు అందిన వారమే ఒక న్యాయవాదికి చూపించండి.