రేగడి బాటకు నాలుగు చక్రాల బలం అవసరమా?

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె. పత్తి, మిర్చి సాగు చేస్తాం. ఇంటిల్లిపాదీ పట్టే డీజిల్ ఎస్‌యూవీ కొనాలని నిశ్చయించుకున్నాం. వెనక చక్రాలతో నడిచే రకం చాలనుకుంటే, షోరూంలో ఫోర్ వీల్ రకమే తీసుకొమ్మంటున్నారు. ధరలో తేడా రెండు లక్షల పైనే చెప్పారు. వెనక చక్రాల బండి వానలో జారుతుందని మా బావమరిది కూడా భయపెడుతున్నాడు. వారానికి రెండుసార్లు వరంగల్ పోయి వస్తుంటాను. తారు రోడ్డు దిగాక మా చేను దాకా అర కిలోమీటరు రేగడి బాట ఉంది. వానకాలంలో దాని మీద ట్రాక్టరు తప్ప ఏదీ పోదు. ఏది తీసుకోమంటారు?
— ఒక రైతు, హనుమకొండ జిల్లా

జవాబు: మీ ప్రశ్నకు జవాబు ఆ అర కిలోమీటరు బాటలోనే ఉంది కానీ, ముందుగా షోరూం వారి మాటలోని తికమకను విప్పుకోవాలి. ఫోర్ వీల్ అని మన దగ్గర రెండు వేర్వేరు ఏర్పాట్లను ఒకే పేరుతో పిలుస్తున్నారు. ఎక్స్‌యూవీ 700, గ్రాండ్ విటారా వంటి వాటిలో వచ్చిన ఆల్ వీల్ డ్రైవ్‌లో బండి మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, అవి జారినప్పుడు మాత్రం ఒక క్లచ్ ద్వారా కొంత బలాన్ని దానంతట అదే వెనక్కి పంపుతుంది. స్కార్పియో ఎన్, థార్, ఫార్చూనర్ వంటివి పుట్టుకతో వెనక చక్రాల బండ్లు. వాటి ఫోర్ వీల్ రకంలో అవసరమైనప్పుడు మనమే, మామూలు వేగంలో నాలుగు చక్రాలనూ తిప్పే ‘ఫోర్ హై’ గానీ, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే ‘ఫోర్ లో’ గానీ వేసుకోవాలి. ఈ రెండో రకం బండ్లలో, పొడి తారు రోడ్డు మీద ఫోర్ హై వేసి నడపడం బండికి చేటు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేనందున, టైర్లు రోడ్డును గీరుతూ గేర్లన్నీ బిగుసుకుంటాయి. అంటే మీరు పరకాల నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా వెళ్ళి వచ్చే దారిలో, డబ్బు పెట్టి కొన్న ఆ ఏర్పాటు ఊరికే బరువుగా మీ వెంట వస్తుందే గానీ పనిలోకి రాదు. ఆ బరువుకు డీజిలూ కొంత ఎక్కువే తాగుతుంది. లైఫ్ ట్యాక్సును బండి ధర మీద శాతంగా కడతాం కాబట్టి, రెండు లక్షల తేడా అక్కడ ఇంకాస్త పెరుగుతుంది.

మీ బావమరిది చెప్పింది పూర్తిగా తప్పని అనను. ఆయన ఎక్కి తిరిగిన అంబాసిడర్, సుమో, క్వాలిస్ అన్నీ వెనక చక్రాల బండ్లే. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం తేలికగా ఉండి, తొలకరి చినుకులకు దుమ్ము, ఆయిలు కలిసి నున్నబడ్డ రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తోక పక్కకు జరిగేది. ఇప్పటి బండ్లలో ఈఎస్‌పీ ఉంటే ఆ జారుడును పసిగట్టి, ఇంజన్ బలాన్ని తగ్గించి, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. అది లేని రకాన్ని మాత్రం కొనకండి. పైగా అయిదుగురు కూర్చుని, వెనక రెండు మిర్చి బస్తాలు వేసుకున్నప్పుడు బరువంతా తోసే చక్రాల మీదే పడుతుంది కాబట్టి వాటి పట్టు పెరుగుతుంది. ఎగువకు ఎక్కేటప్పుడు ముందు చక్రాల బండికి ఈ వెసులుబాటు ఉండదు. ఇక వానలో బండిని ఆపడం సంగతికి వస్తే, బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నంత మాత్రాన బండి ఒక్క అడుగు ముందుగా ఆగదు. అక్కడ పనిచేసేది టైరు గాడి లోతు. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది గానీ, నేనైతే వానకాలానికి ముందు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేస్తాను.

ఇప్పుడు రేగడికి వద్దాం. చెలక నేల వాన వెలిసిన మర్నాటికి ఆరిపోయి బండిని మోస్తుంది. రేగడి అలా కాదు. రెండేళ్ళ కిందట ఒక మిత్రుడి ఫోర్ వీల్ బండిలో పత్తి చేను గట్టు దాకా వెళ్ళాం. కంపెనీ ఇచ్చిన రోడ్డు టైర్లు. ముప్పై గజాలు పోయేసరికి గాడులన్నీ మట్టితో పూడిపోయి, టైర్లు నాలుగూ నూనె రాసిన రోకళ్ళలా తయారయ్యాయి. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య గట్టిగా అతుక్కున్న ముద్దను కొడవలితో గీకితే గానీ చక్రం కదలలేదు. ‘ఫోర్ లో’ వేసినా నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరిగి ఇంకా లోతుకు దిగాయి. చివరకు పక్క చేను ట్రాక్టరే లాగింది. ఆ ట్రాక్టరు అబ్బాయి నవ్వు మాత్రం మా మిత్రుడు ఇప్పటికీ మరచిపోలేదు.

అందువల్ల మీకు నా సలహా వెనక చక్రాల రకమే. మిగిలిన డబ్బులో కొంత పెట్టి రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించండి. రోడ్డు మీద కాస్త మోత, మైలేజీలో కొంత కోత తప్పవు. మరికొంత పెట్టి, ఆ బాటలో నీళ్ళు నిలిచే చోట మొరం పోయించండి. మీ ఇంట్లో ట్రాక్టరు ఉంటే ఇది మరీ సులువు. వెనక చక్రాల రకంలో, ఆ రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ దొరుకుతుందేమో అడగండి. అది లేకపోతే ఒక వెనక చక్రం బురదలో గిర్రున తిరుగుతుండగా రెండోది కదలకుండా ఉండిపోతుంది. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అడవి బాటల్లో రోజూ తిరగక తప్పని వారికైతే ‘ఫోర్ లో’ ఏర్పాటు ఉన్న బండే తీసుకోమంటాను.

ప్రశ్న: నా ఫోర్ వీల్ బండి 650 మిల్లీమీటర్ల నీళ్ళలో పోగలదని కంపెనీ చెబుతోంది. బడికి వెళ్ళే దారిలో వాగు మీద లో లెవల్ వంతెన ఉంది. వానల్లో దాటవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, ములుగు జిల్లా

జవాబు: దాటవద్దు. ఆ లెక్క నిలిచిన నీటికి సంబంధించినది. పారే నీరు అంతకన్నా తక్కువ లోతులోనే పెద్ద బండిని కూడా పైకి లేపి పక్కకు తోయగలదు. టైర్లు నేల వదిలాక నాలుగింటికి బలం అందినా, రెండింటికి అందినా ఒకటే. 2023 జులైలో మీ జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది; అలాంటి వాన పైన ఎక్కడో పడితే వాగు ఎంతసేపట్లో పెరుగుతుందో ఒడ్డున నిలబడి చెప్పలేం. వంతెన అంచు రాళ్ళు కనబడకపోతే వెనక్కి తిప్పండి. వానలు తగ్గాక, నిలిచిన నీళ్ళలో ఎక్కువసేపు నడిచిన బండికి ముందు, వెనక యాక్సిళ్ళ ఆయిల్ విప్పించి చూడండి. పాల రంగులోకి తిరిగి ఉంటే నీరు చేరినట్టే కాబట్టి, ఇంకో వారం నడుపుదామనుకోకుండా వెంటనే మార్పించండి.