స్టెంట్ వేశాక బండల ఫ్యాక్టరీ పనికి రావచ్చా?

ప్రశ్న: మాది తాడిపత్రిలో పాలిష్ బండల ఫ్యాక్టరీ. కటింగ్ మిషన్ దగ్గర పనిచేసే 48 ఏళ్ల మనిషికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఐదు వారాలైంది. పనికి వస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? ఏం పని ఇవ్వాలి?

జవాబు: తీసుకోండి. బండలెత్తే పని మాత్రం ఇప్పుడే వద్దు.

పొరపాటు చాలాసార్లు ఫిట్‌నెస్ చీటీ దగ్గరే జరుగుతుంది. ఏం పని అంటే 'ఫ్యాక్టరీలో సార్' అంటారు, డాక్టరు ఫిట్ అని రాసేస్తారు. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ సుమారు 25 కిలోలు తూగుతుందని ఆయనకెలా తెలుస్తుంది? అందుకే ఎంత బరువు, గంటకు ఎన్నిసార్లు, రేకుల షెడ్డా, రాత్రి షిఫ్టా అన్నది మీరే కాగితం మీద రాసి పంపండి. రిపోర్టులు మీకు చూపమని అడగొద్దు, అవి ఆయన సొంత విషయం. ఏ పని చేయొచ్చో, ఎప్పటినుంచో రాయించుకుంటే చాలు.

డాక్టరు ముఖ్యంగా ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, ఈఎఫ్ అంకె చూస్తారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో చెప్పే అంకె అది. 50కి పైన ఉండి, రెండు అంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే తేలిక పని మొదలుపెట్టొచ్చు. 40 లోపు ఉంటే గుండె డాక్టరు సరేననే వరకు బరువుల జోలికే పోకూడదు.

మొదటి రెండు వారాలు రోజుకు నాలుగు గంటలు, పగటి షిఫ్టు, సరుకు లెక్క చూడడం లాంటి పని ఇవ్వండి. 5 కిలోలకు మించి ఎత్తనివ్వొద్దు. తర్వాత గంటలు పెంచండి, ఆ తర్వాతే బరువు. రెండూ ఒకేసారి పెంచితే ఏది పడలేదో తెలియదు. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, గుండెకు నడకకన్నా అదే ప్రమాదం. పాత పనికి పంపేముందు ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడిగించండి.

ఎండాకాలం సంగతి వేరు. ఈఎఫ్ తగ్గిన కొందరికి రోజుకు ఇన్నే నీళ్లని కొలత పెడతారు. ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే నీళ్ల మాత్ర వేసుకుంటూ, మే నెల షెడ్డులో చెమటలు కారుతూ అదే కొలత పాటిస్తే లేవగానే కళ్లు తిరుగుతాయి. కొలత ఎంత మార్చాలో ముందే అడగాలి.

రక్తం పల్చబరిచే మాత్రలు సాధారణంగా ఏడాదిపాటు రెండు రకాలుంటాయి. మానేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. వాటిలో టికాగ్రెలార్ అనే మాత్ర రాసి ఉంటే అది రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. రాత్రి షిఫ్టులో తప్పిపోయేది ఆ రెండో మాత్రే. చెయ్యి తెగితే పది నిమిషాలు వదలకుండా గట్టిగా నొక్కిపట్టాలి. మిషన్ దగ్గరి తడిలో జారి తలకు దెబ్బ తగిలితే, రక్తం కనిపించకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డబ్బుల కోసమే తొందరపడుతున్నాడేమో కనుక్కోండి. ఈఎస్‌ఐ ఉండి చందా రోజులు సరిపోతే అనారోగ్య సెలవుకు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది.

ఛాతీ పట్టేసినట్టుంటే పని ఆపి కూర్చోబెట్టి, డాక్టరు రాసిన మాత్ర నాలుక కింద పెట్టించండి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కూలబడతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, బైకు మీద మాత్రం ఎక్కించొద్దు.