ఆడాటా కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్ గురించి రాసేవాళ్లు బోలెడుమంది. ఆవిడకంటే ముందే ఆ ఇంటి కోడలైన ఆడాటాను, మాసిడోనియా పొరుగున ఉన్న ఇల్లిరియా రాచబిడ్డను, నువ్వు ఎంచుకున్నందుకు చాలా సంతోషం వేసింది.

పెళ్లి ఘట్టం దగ్గర మాత్రం ఆగిపోయాను. మాసిడోనియా రాజు, అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్‌ను ఆమె తొలిచూపులోనే ప్రేమించిందన్నావు. ఆ పెళ్లి చుట్టూ ఏం జరిగిందో చూడు. క్రీ.పూ. 359లో ఇల్లిరియన్ల చేతిలో ఫిలిప్ అన్న పెర్డికాస్ చనిపోయాడు, అతనితోపాటు 4,000 మంది. మరుసటి ఏడాది ఫిలిప్ 10,000 కాల్బలంతో, 600 మంది రౌతులతో వెళ్లి ఇల్లిరియన్ల ముసలి రాజు బార్డిలిస్‌ను ఓడించాడు. ఈసారి 7,000 మంది ఇల్లిరియన్లు పోయారు. ఈ సంబంధం కుదిరింది ఆ రోజుల్లోనే. అత్తవారింట్లో ఆమెకు అన్నం వడ్డించిన మనిషి కొడుకు ఆమె పుట్టింటివాళ్ల చేతిలోనే పోయి ఉండొచ్చు. ఆ మొదటి భోజనం రాయి. ప్రేమ సంగతి తర్వాత చూద్దాం.

ఫిలిప్ ఏడుగురిని కట్టుకున్నాడు కదా అని సవతుల కయ్యాలకు చాలా పేజీలు ఇచ్చావు. తగ్గించు. పాత రచనల్లో ఆడాటాకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే: ఇల్లిరియా పడుచును పెళ్లాడాడు, కినానే అనే కూతురు పుట్టింది. ఆ ఖాళీని కన్నీళ్లతో నింపాలనిపిస్తుంది, నాకు తెలుసు. నింపకు. ఆమెను కూతురిలో వెతుకు.

కినానే యుద్ధానికి వెళ్లింది. ఇల్లిరియన్ల మీదే వెళ్లి, వాళ్ల రాణిని మెడ మీద వేటు వేసి చంపిందని చెబుతారు. మాసిడోనియా రాజకుటుంబపు ఆడవాళ్లు మగ్గం ముందు కూర్చునేవాళ్లు. తాను కట్టుకున్న బట్ట తన అక్కచెల్లెళ్లు నేసిందేనని అలెగ్జాండర్ పర్షియా రాజమాతకు చెప్పాడట. అలాంటి ఇంట్లో ఒక్క పిల్లకు ఈటె పట్టడం ఎవరు నేర్పారు? తల్లే అయ్యుంటుందని నా నమ్మకం. తల్లి నేర్పిన ఆ విద్యే చివరికి తల్లి పుట్టింటి మీదకు వెళ్లింది. నీ కథకు గుండెకాయ ఇదే.

కినానే ఆ విద్యను తన కూతురు యూరిడికేకు నేర్పింది. క్రీ.పూ. 317లో ఆ పిల్ల మాసిడోనియా కవచం తొడుక్కుని ఒలింపియాస్‌కు ఎదురు నిలిచింది. సైనికులు ఒలింపియాస్ వైపు తిరిగిపోయారు, యూరిడికే బందీ అయింది, తన నడికట్టుతోనే ఉరి వేసుకుంది. నువ్వు దీన్ని మూడు లైన్లలో ముగించావు. అంతే చాలు, పెంచకు.

బార్డిలిస్‌కు ఆడాటా ఏమవుతుందో ఎక్కడా తేల్చి చెప్పలేదు. కూతురని నువ్వు అనుకున్నావు, కథకు అది చెల్లుతుంది.

తిరగరాసి పంపు. కూతురి చేతికి తల్లి ఈటె ఇచ్చే ఘట్టం నాలుగు పేజీలకు తగ్గకూడదు.

ఆశీస్సులతో,
మీ అక్క