రవాణా ఇంధనంలో అన్ని దేశాలకూ ఒకే 10 శాతం లక్ష్యం న్యాయమేనా?

అడిగింది యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2009 డైరెక్టివ్, అంటే సభ్య దేశాలన్నీ పాటించాల్సిన చట్టం గురించి కాబట్టి ఆ లెక్కతోనే చెప్తాను. 2020 నాటికి ప్రతి దేశమూ రవాణాకి వాడే ఇంధనంలో 10 శాతం పునరుత్పాదకం (గాలి, ఎండ, పంటల లాంటి తరగని వనరుల నుంచి వచ్చేది) చేయాలని అందులో ఉంది. పేద దేశానికీ ధనిక దేశానికీ ఒకటే 10 శాతం ఏమిటన్న సందేహం సరైనదే. కానీ అసలు తేడా ఆ అంకెలో కన్నా, దాన్ని లెక్కగట్టే పద్ధతిలో ఉంది.

అదే డైరెక్టివ్‌లో ఇంకో లక్ష్యం ఉంది: 2020 నాటికి ఈయూ మొత్తం ఇంధన వాడకంలో 20 శాతం పునరుత్పాదకం కావాలన్నది. దాన్ని మాత్రం సమానంగా పంచలేదు. 2005లో ఎవరి వాటా ఎంతో చూసి, అందరికీ 5.5 శాతం పాయింట్లు కలిపి, మిగతా బరువు తలసరి జీడీపీని బట్టి వేశారు. రొమేనియా 17.8 దగ్గరుంది. 5.5 కలిపితే 23.3, లక్ష్యం 24. అంటే అదనంగా పడింది 0.7. అప్పట్లో సభ్య దేశమైన బ్రిటన్ 1.3 దగ్గర మొదలై 15కి చేరాల్సి వచ్చింది, అంటే అదనంగా 8.2. ముందే పెంచుకున్న దేశాలకు కొంత తగ్గింపు కూడా ఇచ్చారు.

రవాణాకి ఈ పంపకం ఎందుకు లేదంటే, గాలి, ఎండ, నది ఎక్కడివక్కడే ఉంటాయి గానీ ఇథనాల్, బయోడీజిల్ ట్యాంకర్లో ఎక్కడికైనా పోతాయి. సాగుభూమి పెద్దగా లేని మాల్టా కూడా కొనుక్కోవచ్చు. పైగా లక్ష్యం శాతంలో ఉంది కాబట్టి తక్కువ ఇంధనం వాడే దేశానికి లీటర్లూ తక్కువే. ఈ వాదన నాకు సబబుగానే అనిపిస్తుంది. అయితే దొరకడం వేరు, స్తోమత వేరు. లీటరుకు పడే అదనపు ఖర్చు ఆదాయం తక్కువున్న చోట ఎక్కువ నొప్పే.

ఇక లెక్క సంగతి. తర్వాత వచ్చిన 2018 డైరెక్టివ్ ప్రకారం రోడ్డు వాహనాలకు వాడిన పునరుత్పాదక విద్యుత్తును నాలుగు రెట్లుగా లెక్కిస్తారు. అందులో పునరుత్పాదకం ఎంతన్నది రెండేళ్ల కిందటి దేశ సగటును బట్టి తీసుకుంటారు. వంద యూనిట్లు ఛార్జ్ చేశారనుకోండి. గ్రిడ్‌లో 70 శాతం పునరుత్పాదకం ఉన్న దేశానికి 280 జమ అవుతుంది. 20 శాతమే ఉన్న దేశానికి 80. అదే కారు, అదే దూరం! రెండో దేశం చేయగలిగిన పని ఒకటుంది: సోలార్ ప్లాంటు నుంచి నేరుగా లైను లాగిన ఛార్జింగ్ కేంద్రాలు పెట్టడం. అలా ఇచ్చిన కరెంటు మొత్తం పునరుత్పాదకం కిందే లెక్క.

వాడేసిన వంటనూనెతో చేసిన బయోడీజిల్‌కి రెండు రెట్ల లెక్క. కాగితం మీద 10 కనిపిస్తే బంకులో పోసింది 5 కావచ్చు. రెట్టింపు జమ ఉన్నచోట తాజా నూనెను పాత నూనెగా చూపే ఆశ పుడుతుంది. 2018 డైరెక్టివ్‌లో రవాణా ఇంధనంలో ఇలాంటి బయోడీజిల్ వాటాకి 1.7 శాతం పరిమితి కూడా పెట్టారు. 2020లో రవాణాలో ఈయూ మొత్తంగా 10.2 శాతం చేరింది. స్వీడన్ 31.9, గ్రీస్ 5.3. వీటన్నిటిలోనూ ఇలాంటి రెట్లు కలిసే ఉన్నాయి.

న్యాయంగా పంచాలంటే ముందు ఈ రెట్లు తీసేసి అసలు శక్తిని లెక్కపెట్టాలి. ఆ తర్వాతే 5.5 తరహా ఉమ్మడి భాగం, తలసరి జీడీపీ భాగం. మిగులున్న దేశం లోటున్న దేశానికి అమ్ముకునే వీలూ ఉండాలి. మొత్తం లక్ష్యం విషయంలో ఇది జరిగింది కూడా: 2017లో లక్సెంబర్గ్ లిథువేనియా, ఎస్టోనియాల మిగులు కొనుక్కుంది. ఇంకొకటి మరవకూడదు, ఇంధనం లెక్క అమ్మిన దేశం ఖాతాలో పడుతుంది. పన్ను తక్కువని సరిహద్దు దాటి వచ్చి లారీలు నింపుకునే చిన్న దేశంలో తలసరి వాడకం ఉబ్బిపోతుంది. పంపకానికి ముందే ఆ లీటర్లను విడదీయాలి.